పాత హార్డ్ డిస్క్ తీయగానే కొత్త ఎస్ఎస్‌డీ ఎందుకు బూట్ కాదు?

ఐదారేళ్ల కిందటి డెస్క్‌టాప్ ఒకటి ఉంటుంది. అందులో 1 టీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేసి, టీ పెట్టుకుని వచ్చినా ఇంకా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, ఊళ్లో తెలిసిన షాపుకో వెళ్లి ఒక 500 జీబీ ఎస్ఎస్‌డీ కొని తగిలించి, దాని మీద విండోస్ కొత్తగా ఎక్కిస్తారు. పాత హార్డ్ డిస్క్‌ని ఫొటోలకీ సినిమాలకీ అలాగే ఉంచేస్తారు. కంప్యూటర్ చకచకా తెరుచుకుంటుంది, ఇంట్లో అందరికీ సంతోషం. ఏడాది గడిచాక ఆ పాత డిస్క్ టిక్కుటిక్కుమని చప్పుడు మొదలుపెడుతుంది, లేదా ఎవరికైనా ఇచ్చేద్దామని దాన్ని తీసేస్తారు. అప్పుడు ఆన్ చేస్తే నల్ల తెర. బూట్ అవడానికి పరికరమే దొరకలేదని ఒక వాక్యం. విండోస్ ఉన్నది ఎస్ఎస్‌డీలో, ఎస్ఎస్‌డీ క్యాబినెట్ లోపలే ఉంది, దానికి ఏమీ కాలేదు, అయినా కంప్యూటర్ లేవదు.

ఇది చాలా మామూలుగా జరిగేదే. ఎస్ఎస్‌డీ పాడైందనుకుని వారంటీకి పట్టుకెళ్లేవాళ్లున్నారు, విండోస్ కరప్ట్ అయిందనుకుని మొత్తం ఫార్మాట్ కొట్టి డేటా పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అసలు సంగతి ఏమిటంటే, విండోస్ అంతా ఎస్ఎస్‌డీలోనే ఉన్నా దాన్ని లేపే కొన్ని చిన్న ఫైళ్లు మాత్రం పాత హార్డ్ డిస్క్‌లోని ఒక బుల్లి పార్టిషన్‌లో (డిస్క్‌ని విడగొట్టిన భాగంలో) ఉన్నాయి. ఇన్‌స్టాల్ చేసిన రోజే అక్కడికి వెళ్లాయి. ఎక్కడ పెట్టాలని ఇన్‌స్టాలర్ అడగలేదు, ఎక్కడ పెట్టిందో చెప్పనూ లేదు. ఇల్లు ఒకచోట, తాళంచెవి ఇంకోచోట ఉన్నట్టు ఏడాది పాటు నడిచింది, అంతే.

ఒకటి కంటే ఎక్కువ డిస్కులున్న కంప్యూటర్‌లో పాటించాల్సిన పద్ధతి ఒక్కటే: ఆపరేటింగ్ సిస్టమ్ ఏ డిస్క్‌లో ఉంటే దాన్ని లేపే ఫైళ్లు కూడా ఆ డిస్క్‌లోనే ఉండాలి. ఎవరి కుంపటి వాళ్లదే. ఇది చెప్పడానికి తేలికే, కానీ ఇన్‌స్టాలర్లు తమంతట తాము దీన్ని పాటించవు కాబట్టి లోపల ఏం జరుగుతోందో కొంచెం తెలిసి ఉండాలి.

ముందు పేర్ల గందరగోళం తేల్చుకుందాం. మైక్రోసాఫ్ట్ భాషలో ‘సిస్టమ్ పార్టిషన్’ అంటే కంప్యూటర్‌ని లేపే ఫైళ్లు ఉన్న చోటు. ‘బూట్ పార్టిషన్’ అంటే విండోస్ ఫోల్డర్ ఉన్న చోటు, అంటే మనం రోజూ సీ డ్రైవ్ అనేది. చదివిన ఎవరికైనా ఇది తిరగబడినట్టే అనిపిస్తుంది, కానీ విండోస్ ఎన్‌టీ రోజుల నుంచీ అంతే, ఇప్పటికీ మార్చలేదు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే సీ డ్రైవ్ కింద ‘బూట్’ అని రాసి ఉంటుంది. అది చూసి ‘బూట్ ఇక్కడే ఉందిగా, ఇంక ఆ పాత డిస్క్‌తో పనేముంది’ అని తీసేసేవాళ్లది నిజానికి తప్పు కాదు, ఆ పేరు పెట్టినవాళ్లదే తప్పు. లినక్స్ వైపు వెళితే బూట్ అన్న మాటకు మళ్లీ ఇంకో అర్థం, అక్కడ అది కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రాం) ఫైళ్లు ఉండే డైరెక్టరీ. అందుకని ఇక్కడి నుంచి ‘బూట్ ఫైళ్లున్న పార్టిషన్’, ‘విండోస్ ఉన్న పార్టిషన్’ అనే విడమరిచి చెప్పుకోవడం మేలు.

పాత పద్ధతి సంగతి కొంచెం చూస్తే ఈ తలనొప్పి ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన ఎంబీఆర్ (మాస్టర్ బూట్ రికార్డ్) పద్ధతిలో డిస్క్ మొట్టమొదటి సెక్టరే, అంటే డేటా రాసే మొదటి చిన్న గడే, అన్నిటికీ మూలం. అది మొత్తం 512 బైట్లు. అందులో 446 బైట్లు కోడ్‌కి, 64 బైట్లు పార్టిషన్ల పట్టికకి, చివరి 2 బైట్లు గుర్తుకి. ఒక్కో పార్టిషన్ వివరానికి 16 బైట్లు పడుతుంది కాబట్టి పట్టికలో నాలుగింటికే చోటు, ‘నాలుగు ప్రైమరీ పార్టిషన్లే’ అన్న నియమం అక్కడి నుంచే వచ్చింది. సెక్టర్ నంబరుకి 32 బిట్లే ఇచ్చారు కాబట్టి 512 బైట్ల సెక్టర్లతో 2 టీబీ దగ్గర ఆగిపోతుంది. 4 టీబీ డిస్క్ కొని ఎంబీఆర్‌గా ఇనీషియలైజ్ చేస్తే 2048 జీబీ మాత్రమే వాడుకోవడానికి వచ్చి, మిగతా సుమారు 1678 జీబీ ఏం చేసినా కదలకుండా ఉండిపోయేది ఇందుకే.

ఆ పద్ధతిలో బయోస్‌కి, అంటే ఆన్ చేయగానే మదర్‌బోర్డ్‌లో మొదట నడిచే ప్రోగ్రాంకి, తెలిసింది చాలా తక్కువ. వరుసలో మొదట ఉన్న డిస్క్ మొదటి సెక్టర్ చదువుతుంది, అక్కడి కోడ్‌కి పగ్గాలు అప్పగిస్తుంది, ఆ కోడ్ ‘యాక్టివ్’ అని గుర్తు పెట్టిన పార్టిషన్‌ని వెతుక్కుంటుంది. అంతే. విండోస్ రెండో డిస్క్‌లో ఉందన్న సంగతి బయోస్‌కి పట్టదు. అందుకే అప్పట్లో విండోస్ ఇన్‌స్టాలర్, మనం రెండో డిస్క్‌ని ఎంచుకున్నా, బూట్ ఫైళ్లని మాత్రం బయోస్ మొదట చూసే డిస్క్‌లోని యాక్టివ్ పార్టిషన్‌లోనే పెట్టేది. ఎక్స్‌పీ కాలం గుర్తున్నవాళ్లకి ‘ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్’ అన్న వాక్యం గుర్తుండే ఉంటుంది. విండోస్ ఏ డిస్క్‌లో ఏ పార్టిషన్‌లో ఉందో బూట్ డాట్ ఐఎన్ఐ అనే చిన్న టెక్స్ట్ ఫైల్‌లో వరుస నంబర్లతో రాసి ఉండేది. కొత్త డిస్క్ తగిలించి వరుస మారితే ఆ నంబర్లు తప్పు చోటు చూపించేవి, పాపం విండోస్ తన ఇల్లు తనే వెతుక్కోలేకపోయేది. విస్టాతో ఆ టెక్స్ట్ ఫైల్ పోయి బీసీడీ అనే చిన్న డేటాబేస్ వచ్చింది, నంబర్లకు బదులు డిస్క్‌కీ పార్టిషన్‌కీ ఉన్న గుర్తింపుల్ని అది వాడుతుంది. 2009లో విండోస్ 7 వచ్చినప్పుడు ఈ ఫైళ్లకి 100 ఎంబీ ‘సిస్టమ్ రిజర్వ్‌డ్’ పార్టిషన్ ప్రత్యేకంగా కేటాయించారు, విండోస్ 8లో అది 350 ఎంబీ అయింది, 10లో 500 ఎంబీ. దానికి డ్రైవ్ లెటర్ ఉండదు. కంటికి కనిపించని ఆ పార్టిషన్ ఏ డిస్క్‌లో ఉందో ఎవరూ పట్టించుకోకపోవడానికి అదొక కారణం.

ఇప్పటి కంప్యూటర్లలో ఉన్నది బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డ్‌లోనే ఉండే ప్రోగ్రాం), ఎంబీఆర్ స్థానంలో వచ్చిన జీపీటీ పట్టిక ఉన్న డిస్కులు. జీపీటీలో మామూలుగా 128 పార్టిషన్ల దాకా చోటుంటుంది, పట్టిక నకలు డిస్క్ చివర కూడా ఉంటుంది. యూఈఎఫ్ఐకి మొదటి సెక్టర్ కోడ్‌తో పని లేదు, అది ఫైల్ సిస్టమ్‌నే చదవగలదు. ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్, పొట్టిగా ఈఎస్పీ, అందులోకి వెళ్లి ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో మైక్రోసాఫ్ట్ ఫోల్డర్, ఉబుంటు (ఒక రకం లినక్స్) ఫోల్డర్ ఇలా ఎవరి ఫోల్డర్‌లో వాళ్లు పెట్టుకున్న బూట్ ప్రోగ్రాంని నేరుగా నడుపుతుంది. ఏది నడపాలన్న జాబితా మాత్రం డిస్క్‌లో ఉండదు, మదర్‌బోర్డ్‌లోని ఎన్‌వీర్యామ్ అనే చిన్న మెమరీలో ఉంటుంది. ‘విండోస్ బూట్ మేనేజర్, ఫలానా గుర్తింపు ఉన్న పార్టిషన్‌లో, ఫలానా ఫైల్’ అని ఒక్కో ఎంట్రీ.

అంటే ఒక విండోస్ లేవాలంటే మూడు చోట్ల మూడు వస్తువులు సరిగ్గా ఉండాలి: మదర్‌బోర్డ్‌లో ఎంట్రీ, ఏదో ఒక డిస్క్‌లోని ఈఎస్పీలో బూట్ ఫైళ్లు, అవి చూపించే చోట విండోస్. కంప్యూటర్ లేవనప్పుడు ఈ మూడింటిలో ఏది తెగిందో కనుక్కోవడమే అసలు పని. ఎర్రర్‌ని బట్టే చాలావరకు చెప్పొచ్చు. బూట్ పరికరమే లేదని ఫర్మ్‌వేర్ అంటే ఎంట్రీ గానీ ఈఎస్పీ గానీ పోయినట్టు. నీలి తెర వచ్చి రికవరీ అడుగుతూ ఏదో ఫైల్ గానీ పరికరం గానీ దొరకలేదంటే, బూట్ ఫైళ్లు దొరికాయి కానీ అవి చూపించిన చోట విండోస్ కనిపించలేదన్నమాట.

మరి ఇన్‌స్టాలర్ ఈఎస్పీని కొత్త డిస్క్‌లో ఎందుకు పెట్టదు? ఖాళీ డిస్క్ ఒక్కటే ఉంటే పెడుతుంది. జీపీటీ డిస్క్‌లో విండోస్ వేస్తే మామూలుగా 100 ఎంబీ ఈఎస్పీ, 16 ఎంబీ మైక్రోసాఫ్ట్ రిజర్వ్‌డ్, ఆ తర్వాత విండోస్ పార్టిషన్, రికవరీ పార్టిషన్ వస్తాయి. చిక్కు ఎప్పుడంటే, కంప్యూటర్‌లోని వేరే డిస్క్‌లో ఒక ఈఎస్పీ ఇప్పటికే ఉన్నప్పుడు. ‘ఉన్నదే వాడుకుందాం’ అని చాలాసార్లు ఇన్‌స్టాలర్ దాన్నే పట్టుకుంటుంది. పాత హార్డ్ డిస్క్‌లో పాత విండోస్ ఉంది కాబట్టి దానికి ఈఎస్పీ ఉంటుంది, కొత్త విండోస్ బూట్ ఫైళ్లు వెళ్లి అందులో చేరతాయి. ఉబుంటు ఇన్‌స్టాలర్‌ది ఇంకో రకం. బూట్‌లోడర్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపే ప్రోగ్రాం) ఏ డిస్క్‌లో పెట్టాలో ఎంచుకునే పెట్టె ఇచ్చి, మనం రెండో డిస్క్ ఎంచుకున్నా, మొదట కనిపించిన ఈఎస్పీలోనే గ్రబ్ అనే తన బూట్‌లోడర్‌ని పెట్టేసే లోపం దాని పాత ఇన్‌స్టాలర్‌లో ఏళ్ల తరబడి ఉంది. పెన్‌డ్రైవ్ లాగా పట్టుకుపోదామని బయటి యూఎస్‌బీ ఎస్ఎస్‌డీలో ఉబుంటు వేసుకున్న విద్యార్థులు చాలామంది దీనికి బలయ్యారు. ఆ డిస్క్ వేరే కంప్యూటర్‌కి పెడితే బూట్ కాదు, అది లేకుండా సొంత ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే గ్రబ్ వచ్చి ఏం చేయాలో తెలియక కమాండ్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. రెండు వైపులా నష్టమే.

దీనికి ముందుజాగ్రత్త ఒకటుంది, ఖర్చు రూపాయి కాదు. కొత్త డిస్క్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసేటప్పుడైనా మిగతా డిస్కుల సాటా కేబుల్స్ (డిస్క్‌ని మదర్‌బోర్డ్‌కి కలిపేవి) పీకేయాలి. ఎన్‌వీఎంఈ (కేబుల్ లేకుండా మదర్‌బోర్డ్ స్లాట్‌లోనే బిగించే ఎస్ఎస్‌డీ) అయితే స్క్రూ విప్పి తీయాలి, లేదా బయోస్‌లో ఆ స్లాట్‌ని ఆపే సదుపాయం ఉంటే ఆపాలి. ఇన్‌స్టాలర్‌కి కనిపించే డిస్క్ ఒక్కటే అయితే అన్నీ అందులోనే పెట్టక తప్పదు. క్యాబినెట్ తెరవడానికి బద్ధకించి, డిస్క్ నంబరు చూసుకుని జాగ్రత్తగా ఎంచుకుంటే చాలనుకోవడం మంచిది కాదు. డిస్క్ 0, డిస్క్ 1 అన్న నంబర్లు శాశ్వతం కావు, సాటా, ఎన్‌వీఎంఈ కలిసి ఉన్న బోర్డుల్లో అవి అటూ ఇటూ మారుతుంటాయి. రెండు డిస్కులూ ఒకే సైజు అయితే, 1 టీబీ పక్కన 1 టీబీ, తప్పు డిస్క్ ఫార్మాట్ అవడానికి ఒక్క క్లిక్ చాలు. పదేళ్ల పిల్లల ఫొటోలు అందులో ఉంటే ఆ ఒక్క క్లిక్ విలువ ఎంతో చెప్పక్కర్లేదు. లినక్స్‌లోనూ డిస్కులకి పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు రీస్టార్ట్‌కీ రీస్టార్ట్‌కీ మారిపోవచ్చు, అందుకే మౌంట్ జాబితాలో ఆ పేర్లకు బదులు యూయూఐడీ అనే మారని గుర్తింపు రాస్తారు.

ఇప్పటికే వేసేసిన కంప్యూటర్ సంగతేమిటి? మొదట చూడాల్సింది బూట్ ఫైళ్లు ఎక్కడున్నాయో. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్’ అన్న చిన్న గడి ఏ డిస్క్ వరుసలో ఉందో చూడాలి. సీ డ్రైవ్ ఉన్న వరుసలో లేకుండా వేరే వరుసలో మాత్రమే ఉంటే సంగతి తేలిపోయినట్టే. రెండు వరుసల్లోనూ ఉంటే ఏది వాడుతోందో ఆ తెర చెప్పదు. పవర్‌షెల్‌లో గెట్-డిస్క్ కమాండ్‌తో ఒక్కో డిస్క్‌కి ‘ఈజ్ బూట్’, ‘ఈజ్ సిస్టమ్’ అన్న రెండు విలువలూ అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ పేర్లు గుర్తున్నాయి కదా, సిస్టమ్ అంటే బూట్ ఫైళ్లు, బూట్ అంటే విండోస్. రెండూ ఒకే డిస్క్‌కి ‘ట్రూ’ అని వస్తే నిశ్చింత. ఒకటి ఒక డిస్క్‌కీ ఇంకొకటి ఇంకో డిస్క్‌కీ వస్తే, పాత డిస్క్ ఎప్పుడు పోతే అప్పుడు కంప్యూటర్ ఆగుతుందని అర్థం. ఆ డిస్క్ ఇంకా బాగున్నప్పుడే సరిచేసుకుంటే అరగంట పని, పోయాక చేస్తే ఒక రోజు టెన్షన్.

సరిచేయడం అంత కష్టమేమీ కాదు, కానీ ముందు డిస్క్‌లోని డేటాకి తాళం వేసే బిట్‌లాకర్ సంగతి చూసుకోవాలి. విండోస్ 11 24హెచ్2 కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా కంప్యూటర్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే మొదలవుతుంది, ఆ సంగతి చాలామంది గమనించరు. బూట్ ఫైళ్లు కదిపితే మర్నాడు నీలి తెర 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే డేటా పోయినట్టే, ఏ షాపువాళ్లూ తీసివ్వలేరు. కాబట్టి మొదట కీ ఎక్కడుందో చూసి కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత బిట్‌లాకర్‌ని తాత్కాలికంగా సస్పెండ్ చేసి అప్పుడు మొదలుపెట్టాలి.

ఎస్ఎస్‌డీ జీపీటీ అయి ఉండి, దాంట్లో ఈఎస్పీ లేకపోతే పని ఇలా సాగుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ని ఒక 300 ఎంబీ కుదించి ఖాళీ చోటు చేయాలి. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్ తెరిచి, ఎస్ఎస్‌డీని సెలెక్ట్ చేసి (ఇక్కడ సైజు, డిస్క్ మోడల్ రెండుసార్లు సరిచూసుకోవాలి), ఆ ఖాళీ చోట ఈఎఫ్ఐ రకం పార్టిషన్ సృష్టించి, ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, తాత్కాలికంగా ఎస్ అనే లెటర్ ఇవ్వాలి. అక్కడి నుంచి అసలు పని చేసేది బీసీడీబూట్ అనే చిన్న ప్రోగ్రాం. దానికి మూడు సంగతులు చెప్పాలి: విండోస్ ఫోల్డర్ ఎక్కడుందో, బూట్ ఫైళ్లు ఏ డ్రైవ్‌లో పెట్టాలో, అవి యూఈఎఫ్ఐ రకమని. అది ఫైళ్లు కాపీ చేసి, కొత్త బీసీడీ రాసి, మదర్‌బోర్డ్‌లో ఎంట్రీ కూడా పెడుతుంది. పైగా ఈఎఫ్ఐ ఫోల్డర్‌లోని బూట్ ఫోల్డర్‌లో బూట్‌ఎక్స్64 అనే మామూలు పేరుతో ఒక నకలు వదులుతుంది. ఆ నకలు ఎంత మేలు చేస్తుందో తర్వాత తెలుస్తుంది, బయోస్ అప్‌డేట్ చేసినప్పుడో సెట్టింగులు రీసెట్ అయినప్పుడో కొన్ని బోర్డుల్లో ఎంట్రీలు చెరిగిపోతాయి, అప్పుడు ఫర్మ్‌వేర్ వెతికేది ఆ మామూలు పేరునే.

ఎస్ఎస్‌డీ ఎంబీఆర్ అయి ఉంటే దారి కొంచెం చుట్టు తిరుగుతుంది. 2017లో వచ్చిన విండోస్ 10 1703 నుంచి ఎంబీఆర్2జీపీటీ అనే ప్రోగ్రాం విండోస్‌తోనే వస్తోంది, డేటా పోకుండా డిస్క్‌ని జీపీటీగా మారుస్తుంది. విండోస్ 11కి యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్ (నమ్మదగిన బూట్ ప్రోగ్రాంలనే నడవనిచ్చే ఏర్పాటు), టీపీఎం 2.0 (భద్రతా చిప్) కావాలి కాబట్టి, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి, పాత కంప్యూటర్లున్న చాలామందికి దీనితో పని పడుతోంది. అయితే బూట్ ఫైళ్లు వేరే డిస్క్‌లో ఉంటే అది ముందుకు సాగదు, తను మార్చే డిస్క్‌లోనే అన్నీ ఉండాలని చూస్తుంది. అందుకని వరుస ముఖ్యం. ముందు పాత పద్ధతిలోనే సీ పార్టిషన్‌ని యాక్టివ్ చేసి, బీసీడీబూట్‌తో బయోస్ రకం ఫైళ్లని సీలోనే పెట్టించాలి. కంప్యూటర్ ఆపి పాత డిస్క్ కేబుల్ తీసి, ఎస్ఎస్‌డీ ఒక్కదానితో లేస్తోందా చూడాలి. లేస్తే ఎంబీఆర్2జీపీటీని మొదట పరీక్ష మోడ్‌లో, అది సరేనంటే నిజంగా నడపాలి, ఆ తర్వాతే బయోస్‌లో యూఈఎఫ్ఐకి మారాలి. ఈ వరుసలో ఒక మెట్టు ఎగ్గొడితే మొదటికే మోసం వస్తుంది. ఇదంతా చేసే ముందు బ్యాకప్ ఉండాలి, అందులో రాజీ వద్దు.

క్లోనింగ్‌తో వచ్చే చిక్కు వేరు. పాత డిస్క్‌ని ఎస్ఎస్‌డీలోకి ఉన్నది ఉన్నట్టు కాపీ చేస్తే ఈఎస్పీతో సహా అన్నీ వస్తాయి, అంతవరకు బాగానే ఉంది. కానీ డిస్క్ గుర్తింపు, పార్టిషన్ల గుర్తింపులు కూడా అచ్చంగా అవే వచ్చేయొచ్చు. ఒకే గుర్తింపుతో రెండు డిస్కులు కనిపిస్తే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది, కొన్నిసార్లు ఎస్ఎస్‌డీలోని బూట్ ఫైళ్లతో లేచి పాత డిస్క్‌లోని విండోస్‌నే నడుపుతుంది. ‘ఎస్ఎస్‌డీ వేసినా స్పీడ్ రాలేదు’ అనే ఫిర్యాదుల్లో ఇలాంటివీ ఉంటాయి. క్లోన్ అయిన వెంటనే కంప్యూటర్ ఆపి, పాత డిస్క్ తీసి, మొదటిసారి ఎస్ఎస్‌డీతోనే లేపాలి.

విండోస్, లినక్స్ రెండూ కావాలనుకునేవాళ్లకి రెండు డిస్కులుండటం నిజంగా అదృష్టం. రెండు డిస్కుల్లో రెండు ఈఎస్పీలు పెట్టుకుంటే ఒక దాని అప్‌డేట్ ఇంకో దాని ఫైళ్ల జోలికి రాదు. ఏది కావాలో ఆన్ చేయగానే ఎఫ్12 గానీ ఎఫ్11 గానీ నొక్కి ఫర్మ్‌వేర్ మెనూలోనే ఎంచుకోవచ్చు. గ్రబ్ మెనూలోనే విండోస్ కూడా కనిపించాలంటే, 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లని వెతికే ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆపి ఉంటుంది కాబట్టి దాన్ని సెట్టింగ్‌లో తిరిగి తెరవాలి. వరుస మార్చడానికి లినక్స్‌లో ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అనే కమాండ్ చాలు.

అయితే డిస్కులు వేరు చేసినంత మాత్రాన అన్నిటి నుంచీ కాపాడుకున్నట్టు కాదు. 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత ఎంతోమంది లినక్స్ వాడేవాళ్లకి ఎస్‌బ్యాట్ పరీక్ష విఫలమైందని ఎర్రర్ వచ్చి కంప్యూటర్ ఆగిపోయింది. లినక్స్ వేరే డిస్క్‌లో, వేరే ఈఎస్పీలో ఉన్నవాళ్లకీ అదే జరిగింది. ఎందుకంటే పాత బూట్‌లోడర్లని నమ్మొద్దని చెప్పే ఆ సమాచారాన్ని అప్‌డేట్ రాసింది డిస్క్‌లో కాదు, మదర్‌బోర్డ్ మెమరీలో. అది అన్ని డిస్కులకీ ఉమ్మడి. రెండు డిస్కుల పద్ధతి ఫైళ్లని కాపాడుతుంది, ఫర్మ్‌వేర్‌లో మార్పులని ఆపలేదు. ఈ తేడా తెలిస్తే అలాంటి రోజున డిస్కులు ఊడబీకి సమయం వృథా చేసుకోకుండా నేరుగా సెక్యూర్ బూట్ వైపు చూడొచ్చు.

ఇంకొకటి, రెండు వైపులా వాడుకునే డేటా డిస్క్. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ వల్ల ‘షట్ డౌన్’ అంటే పూర్తిగా ఆగడం కాదు, సగం నిద్ర. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ రకం పార్టిషన్లు తెరిచి ఉన్నట్టే ఉండిపోతాయి. లినక్స్ వాటిని చదవడానికే ఇస్తుంది, రాయనివ్వదు, బలవంతంగా రాస్తే ఫైళ్లు పాడవుతాయి. రెండు సిస్టమ్‌లు వాడేవాళ్లు ఫాస్ట్ స్టార్టప్‌ని ఆపేయడమే మంచిది.

బూట్ ఫైళ్లు వేరే డిస్క్‌లో ఉండటం కావాలని చేసుకునే సందర్భాలూ లేకపోలేదు. పదేళ్లు దాటిన చాలా బోర్డుల ఫర్మ్‌వేర్‌కి ఎన్‌వీఎంఈ అంటే ఏమిటో తెలియదు. అడాప్టర్ కార్డుతో ఎన్‌వీఎంఈ తగిలిస్తే విండోస్ లోపల కనిపిస్తుంది, కానీ దాని నుంచి బూట్ కాదు. అలాంటప్పుడు ఈఎస్పీని సాటా డిస్క్‌లో పెడితే సరిపోతుందని చాలామంది సలహా ఇస్తారు. విండోస్‌కి అది సరిపోదు. విండోస్ బూట్ మేనేజర్ డిస్కులని ఫర్మ్‌వేర్ కళ్లతోనే చూస్తుంది, ఫర్మ్‌వేర్‌కి కనిపించని డిస్క్ నుంచి అది కెర్నల్‌ని తెచ్చుకోలేదు. లినక్స్‌కి మాత్రం పనిచేస్తుంది. ఈఎస్పీతో పాటు కెర్నల్ ఫైళ్లున్న బూట్ డైరెక్టరీ కూడా సాటా డిస్క్‌లో పెడితే, కెర్నల్ అక్కడి నుంచే మెమరీలోకి వచ్చేస్తుంది, ఆపైన తన సొంత డ్రైవర్‌తో ఎన్‌వీఎంఈని చూసుకుంటుంది. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌కి ఇలా ఇంకో నాలుగేళ్ల ఆయుష్షు పోయొచ్చు. కాకపోతే ఆ సాటా డిస్క్ లేకపోతే బూట్ లేదని తెలిసే చేస్తున్నాం కాబట్టి, క్యాబినెట్ లోపల ఆ డిస్క్ మీద ఒక చీటీ అంటిస్తే రేపు ఎవరైనా తీసేయకుండా ఉంటారు.

చిన్న ఆఫీసుల్లో రెండు డిస్కులని మిర్రర్ చేసి పెట్టుకునే లినక్స్ సర్వర్లలోనూ ఇదే లోపం దాగి ఉంటుంది. డేటా రెండు డిస్కుల్లోనూ ఉంటుంది, ఒకటి పోయినా భయం లేదనుకుంటారు. కానీ ఈ మిర్రర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ రెయిడ్ ఫర్మ్‌వేర్‌కి అర్థం కాదు కాబట్టి ఈఎస్పీ మామూలుగా మిర్రర్‌కి బయట, ఒక్క డిస్క్‌లోనే ఉంటుంది. ఆ డిస్కే పోతే డేటా భద్రం, సర్వర్ మాత్రం లేవదు. రెండో డిస్క్‌లోనూ ఒక ఈఎస్పీ చేసి, బూట్‌లోడర్‌ని అక్కడా ఇన్‌స్టాల్ చేసి, ఎంట్రీ పెట్టి, ఒక్కో డిస్క్‌ని విడివిడిగా తీసి బూట్ చేసి చూసిన తర్వాతే దాన్ని నమ్మాలి.

రికవరీ పార్టిషన్ గురించి ఒక్క మాట. 2024 జనవరిలో కేబీ5034441 అప్‌డేట్ ఎన్నో విండోస్ 10 కంప్యూటర్లలో మళ్లీ మళ్లీ ఫెయిల్ అయింది, కారణం రికవరీ పార్టిషన్‌లో దానికి కావాల్సిన 250 ఎంబీ ఖాళీ లేకపోవడమే. అప్పుడు డిస్కులు తెరిచి చూసుకున్నవాళ్లలో కొందరికి ఒక డిస్క్‌లో ఒకటి, ఇంకో డిస్క్‌లో ఇంకొకటి, రెండు మూడు పాత రికవరీ పార్టిషన్లు కనిపించాయి. ఏది నిజంగా వాడుకలో ఉందో రీఏజెంట్‌సీ అనే కమాండ్‌కి ‘ఇన్ఫో’ అని అడిగితే డిస్క్ నంబరు, పార్టిషన్ నంబరుతో సహా చెబుతుంది. అది చూడకుండా ‘ఇది పాతది’ అని ఏదీ డిలీట్ చేయొద్దు.

పాత డిస్క్‌ని చివరికి వదిలించుకునేటప్పుడు కూడా తొందర పనికిరాదు. ఫార్మాట్ చేసే ముందు కంప్యూటర్‌ని పూర్తిగా ఆపి, ప్లగ్ తీసి, ఆ డిస్క్ సాటా కేబుల్ ఒక్కటి పీకి, మళ్లీ ఆన్ చేయాలి. లేచిందా, ఓ వారం పది రోజులు ఆ కేబుల్ లేకుండానే వాడాలి, ఒకటి రెండు అప్‌డేట్లు కూడా పడనివ్వాలి. లేవలేదా, కేబుల్ మళ్లీ పెడితే అంతా ఎప్పటిలాగే ఉంటుంది, బీసీడీబూట్‌తో బూట్ ఫైళ్లని తెచ్చుకోవడానికి అవకాశం ఇంకా చేతిలోనే ఉంటుంది. ఫార్మాట్ కొట్టాక ఆ అవకాశం ఉండదు, విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే.